పడవ యంత్రమునకు పెట్రోలు అందకపోయినపుడు

గోదావరి లంకలలో సేద్యము చేయు రైతునకు పడవ బండితో సమానము. అరటిగెలలు, కూరగాయలు రేవు చేరవలెనన్నను, ఎరువు లంకకు రావలెనన్నను అదియే ఆధారము. 2022 జులై వరదలో కోనసీమ లంకలు అనేకము నీట మునిగినపుడు జనులను దాటించుటకు పడవలే దిక్కైనవి. అట్టి వేళ నడి ఏట యంత్రము నిలిచిన పడవ ప్రవాహము పాలగును. చిన్న యంత్రములు ఆగిపోవుటకు తరచుగా పెట్రోలు సరిగా అందకపోవుటయే కారణము. దానిని కనిపెట్టుట కష్టము కాదు. క్రమము తెలిసిన చాలును.

పెట్రోలు నడచు దారి

వేరుగా టాంకి గల యంత్రములలో పెట్రోలు గొట్టముగుండ చేతితో నొక్కు రబ్బరు బుడ్డికిని, అచ్చటినుండి వడపోతకును, పంపునకును, పిదప కార్బురేటరునకును పోవును. కార్బురేటరు అడుగునగల చిన్న గిన్నెలో తేలు బెండు పెట్రోలు మట్టమును కాపాడును. ఆ పెట్రోలు జెట్టు అను సన్నని రంధ్రముద్వారా లేచి, గాలితో కలిసి యంత్రములో ప్రవేశించును. టాంకి మొదలు జెట్టువరకు వరుసగా చూచుచు పోవలెను.

గుర్తులు, కారణములు

1. కొంతసేపు నడిచి ఆగిన యెడల మొదట టాంకి మూతమీది గాలిమరను చూడుడు. అది మూసియున్నచో లోపలికి గాలి చొరక పెట్రోలు కదలదు. మర విప్పగానే బుస్సుమని గాలి లోనికి పోయినచో దోషము అదియే.

2. బుడ్డిని నొక్కగా నొక్కగా గట్టిపడవలెను. గట్టిపడనిచో గొట్టము అతుకులలో గాలి చొరబడుచున్నదనియో, బుడ్డిలోని కవాటము చెడినదనియో గ్రహింపవలెను. యంత్రము నడుచుచుండగా బుడ్డి చప్పిడియైనచో టాంకివైపు అడ్డు కలదు. బుడ్డిని నొక్కుచున్నంతసేపే యంత్రము నడిచినచో పంపులోని పలుచని పొర చినిగినదేమో చూడవలెను.

3. చోకు లాగినపుడే నడచుచున్నచో జెట్టు కొంత పూడినదని అర్థము. అట్లే నడుపుట ప్రమాదకరము. రెండు స్ట్రోకుల యంత్రములలో పెక్కింటికి కందెన నూనె పెట్రోలుతోనే అందును. పెట్రోలు తగ్గిన నూనెయు తగ్గి పిస్టను పట్టివేయును. జెట్టును ఇనుపతీగతో పొడవరాదు, రంధ్రము పెద్దదగును. శుభ్రపరచు ద్రావకముతో కడిగి గాలి ఊదవలెను.

4. కార్బురేటరునుండి పెట్రోలు పొంగినచో సూదిమరలో నలుసు పడియుండును, లేదా బెండు చిల్లిపడియుండును. వెంటనే యంత్రము నాపవలెను.

5. ప్లగ్గు విప్పి చూచిన, పొడిగానున్నచో పెట్రోలు చేరుటలేదు. తడిసి ముద్దయైనచో ఎక్కువైనది, లేదా నిప్పురవ్వ పడుటలేదు.

నీరు కలిసిన పెట్రోలు

2025 నాటికి మన దేశమున అమ్ము పెట్రోలులో నూటికి 20 పాళ్ళవరకు ఇథనాలు కలిసినది. ఇది నీటిని పీల్చుకొనును. నీరు మితిమీరినచో ఇథనాలు, నీరు కలిసి వేరై అడుగునకు దిగును. గిన్నెమర విప్పి గాజుసీసాలో కొంత పట్టినచో రెండు పొరలు కానవచ్చును. అట్టి పెట్రోలును వాడరాదు. క్రొత్తది కలిపినంతమాత్రమున బాగుపడదు. పని లేని నెలలలో గిన్నెలోని పెట్రోలును తీసివేయవలెను. గిన్నె ఖాళీ యగుటకై యంత్రమును నీరు లేకుండ నడుపరాదు. చల్లబరచు పంపు చెడును.

జాగ్రత్తలు

టాంకిని ఒడ్డున దించి నింపవలెను. బీడి, దీపము దరిచేరరాదు. తీసిన పెట్రోలును డబ్బాలో పట్టవలెనేగాని ఏటిలో పోయరాదు. యంత్రమెంత మంచిదైనను తెడ్లు, త్రాడు, ప్రాణరక్షక చొక్కాలు లేక పడవ కదల్పరాదు.

ఒక రేవు సభ్యులు కలిసి ప్లగ్గులు, గొట్టము, వడపోత అదనముగా కొని ఉంచుకొనిన ఖర్చు స్వల్పము. ఒకని యంత్రము ఆగిననాడు అది అందరకు అక్కరకు వచ్చును.