గడువు లేని నిరీక్షణ

పాఠ్యభాగ ఉద్దేశం

ఉద్యోగార్థం విదేశాలకు వెళ్లగోరే యువత ఎదుర్కొనే వీసా జాప్యాన్ని పరిచయం చేయడం, ఆ ప్రక్రియలోని దశలను తెలియజేయడం, అనిశ్చిత కాలంలో వివేకంతో మెలగవలసిన తీరును వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగులో 'ఎదురుచూపు' అన్నా, సంస్కృతంలో 'నిరీక్షణ', 'ప్రతీక్ష' అన్నా ఆ పదాలలో ఉన్నది చూపే. ఊరక కాలం గడపడం నిరీక్షణ కాదు. రానున్నదాని వైపు కన్నులు నిలపడం నిరీక్షణ. మన కావ్యాలలో ఇట్లా ఎదురుచూసినవారు ఎందరో ఉన్నారు. పాండవుల అరణ్యవాసం పన్నెండేళ్లు, అజ్ఞాతవాసం ఒక ఏడు. కాళిదాసు మేఘసందేశంలోని యక్షుని శాపం ఒక సంవత్సరం. ఆషాఢ మేఘాన్ని చూచిన నాటికి, శాపావధిలో ఇంకా నాలుగు నెలలే మిగిలి ఉన్నాయని అతడు లెక్క చెప్పగలిగాడు. దుఃఖం ఎంతటిదైనా, దానికి గడువు తెలిసినప్పుడు మనస్సుకు ఒక ఆసరా లభిస్తుంది.

గడువు తెలియని నిరీక్షణ ఎట్లా ఉంటుందో మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో పనిచేసే యువతీయువకులను అడిగితే చెబుతారు. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. రాతిగుట్టల నడుమ హైటెక్ సిటీ రూపుదిద్దుకొన్నది. ఇక్కడి కార్యాలయాలకు, అమెరికాలోని కార్యాలయాలకు మధ్య రాకపోకలు పెరిగాయి. ఆ రాకపోకలకు ద్వారం వీసా.

నిపుణులైన విదేశీయులు కొంతకాలం అమెరికాలో పనిచేయడానికి ఇచ్చే వీసాను హెచ్-1బి అంటారు. 1990 నాటి చట్టం దీనికి రూపం కల్పించింది. ఏటా 65,000 మందికి, అక్కడి విశ్వవిద్యాలయాలలో ఉన్నత పట్టాలు పొందిన మరో 20,000 మందికి మాత్రమే దీనిలో అవకాశం ఉంటుంది. విశ్వవిద్యాలయాలు, కొన్ని పరిశోధన సంస్థలు ఈ పరిమితి కిందికి రావు. 2024 ఆర్థిక సంవత్సరానికి వచ్చిన నమోదులు 7,80,000కు పైబడినవి. కోరేవారు ఇంతమంది ఉన్నందున ఎంపిక అనివార్యమైంది. ఎంపికైన వ్యక్తి తరఫున ఉద్యోగమిచ్చే సంస్థ దరఖాస్తు చేస్తుంది. అది ఆమోదం పొందిన తరువాత అభ్యర్థి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు హాజరు కావాలి.

ఒకప్పుడు ఇందుకోసం మనవారు చెన్నైకి ప్రయాణం కట్టేవారు. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ ఏర్పడింది. మరుసటి ఏడాది వీసా సేవలు మొదలయ్యాయి. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది. దూరం తగ్గింది కాని నిరీక్షణ తగ్గలేదు.

ఇంటర్వ్యూ ముగిసిన పిదప కొందరికి అధికారి ఒక కాగితం ఇస్తారు. దానిపై 221(జి) అని ఉంటుంది. అది అమెరికా వలస చట్టంలోని ఒక విభాగం. అదనపు పత్రాలు కావాలన్నా, మరింత పరిశీలన జరగాలన్నా ఈ విభాగం కింద నిర్ణయాన్ని నిలిపి ఉంచుతారు. చట్టం దృష్టిలో ఇది తిరస్కరణే. అయినా తుది తిరస్కరణ కాదు. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. అడిగిన పత్రాలను అభ్యర్థి ఏడాదిలోగా సమర్పించాలి. లేకుంటే మళ్లీ రుసుము చెల్లించి మొదటినుంచి దరఖాస్తు చేయాలి. పరిశీలన ఎన్నాళ్లలో ముగియాలన్న గడువు మాత్రం కార్యాలయానికి లేదు.

నా పూర్వవిద్యార్థి ఒకడు ఆ కాగితం అందుకొన్నాడు. దరఖాస్తు ఆమోదం పొందిందన్న ధైర్యంతో, ఇంటర్వ్యూకు ముందే ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. చెల్లెలి పెళ్లి ఖర్చు తనదేనని ఇంట్లో మాట ఇచ్చాడు. ఊరినుంచి తండ్రి ప్రతి సాయంత్రం ఫోన్ చేసి, "ఏమన్న తెల్సిందా బిడ్డా?" అని అడిగేవాడు. మూడు నెలల తరువాత అతడు మా ఇంటికి వచ్చాడు. "కాదంటే రెండు రోజులు బాధపడి ఊరుకునేవాణ్ణి సార్. అవునంటే పెట్టె సర్దుకునేవాణ్ణి. ఏదీ చెప్పకపోతే ఏం చెయ్యాలి?" అన్నాడు. నా వద్ద సమాధానం లేదు. నాలుగు నెలలు నిండిన నాడు అతడు తనకు తానే గడువు విధించుకొని, గచ్చిబౌలిలో తక్కువ జీతానికి ఉద్యోగంలో చేరాడు. ఎనిమిదవ నెలలో అనుమతి వచ్చింది. అప్పటికి అక్కడ అతని కోసం ఉంచిన పని ముగిసిపోయింది. చెల్లెలి పెళ్లి మాత్రం ఇక్కడి జీతంతోనే జరిగింది.

ఈ అనిశ్చితి ఒక్కరిది కాదు. 2020 మార్చిలో కరోనా కారణంగా వీసా సేవలు నిలిచిపోయాయి. ఆ జూన్‌లో వెలువడిన అధ్యక్షుని ప్రకటన హెచ్-1బి వీసాపై కొత్తగా ప్రవేశించేవారిని నిలిపివేసింది. అది 2021 మార్చి చివరి వరకు సాగింది. 2025 సెప్టెంబరులో, విదేశాలలో ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల చెల్లింపును విధిస్తూ మరో ప్రకటన వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 15 నుంచి అభ్యర్థుల సామాజిక మాధ్యమ ఖాతాల పరిశీలన మొదలైంది. దానితో మన దేశంలో అనేకమంది ఇంటర్వ్యూలు 2026 మార్చికి, ఆ తరువాతికి వాయిదా పడ్డాయి. ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి అమెరికాలో ఉండగా, వీసా ముద్ర కోసం స్వదేశానికి వచ్చినవారు ఇక్కడే చిక్కుకొన్నారు.

గండిపేట సమీపంలోని చిలుకూరు బాలాజీ ఆలయానికి 'వీసా బాలాజీ' అన్న పేరు ఈ నిరీక్షణవల్లనే వచ్చింది. కోరిక చెప్పుకొని పదకొండు ప్రదక్షిణలు, నెరవేరిన పిదప నూట ఎనిమిది చేయడం అక్కడి ఆచారం. దినాలకు లెక్క దొరకని మనిషికి ఆ అడుగులకైనా లెక్క దొరుకుతుంది. ఆ విశ్వాసాన్ని చులకన చేయరాదు.

అయితే విశ్వాసంతోపాటు ఎరుక కూడా అవసరం. వీసా ముద్ర పడేవరకు చేతిలోని ఉద్యోగాన్ని వదలరాదు, భూమి అమ్మరాదు. డబ్బు తీసుకొని పరిశీలనను త్వరపెడతామనే దళారుల మాట నమ్మరాదు. తప్పుడు అనుభవపత్రం సమర్పించి పట్టుబడితే, ఆ దేశంలోకి ప్రవేశం శాశ్వతంగా నిషిద్ధమయ్యే ప్రమాదం ఉంది. పదవ తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తి రూపంలో ఉండడం మన ప్రాంతంలో సాధారణం. పేరు, జన్మతేదీ అన్ని పత్రాలలో ఒకే తీరుగా ఉన్నవో లేవో మీరు ఇప్పుడే సరిచూసుకోవాలి.

ఇతరుల నిర్ణయానికి మనం గడువు పెట్టలేము. మన నిరీక్షణకు గడువు పెట్టుకోగలం. ఆ గడువు వరకు ఆశతో చూడడం, అది దాటిన నాడు సిగ్గుపడక మరో దారి పట్టడం ఓటమి కాదు.

కఠిన పదాలు – అర్థాలు

జాప్యం = ఆలస్యం
అవధి = హద్దు, గడువు
అనివార్యం = తప్పించరానిది
అనిశ్చితి = నిశ్చయం లేకపోవడం
ఎరుక = తెలివిడి, జ్ఞానం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
గడువు తెలిసిన నిరీక్షణకు, గడువు తెలియని నిరీక్షణకు గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. 221(జి) విభాగం కింద అభ్యర్థికి, కార్యాలయానికి ఉన్న గడువులను పోల్చండి.
2. రచయిత పూర్వవిద్యార్థి చేసిన పొరపాటు ఏమిటి? దానిని ఎట్లా సరిదిద్దుకొన్నాడు?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సైబర్ టవర్స్ ఎప్పుడు ప్రారంభమైంది?
2. యక్షుని శాపావధి ఎంత?

IV. సంధులు
ప్రతీక్ష = ప్రతి + ఈక్ష – సవర్ణదీర్ఘసంధి
శాపావధి = శాప + అవధి – సవర్ణదీర్ఘసంధి

V. సమాసాలు
శాపావధి – శాపం యొక్క అవధి – షష్ఠీ తత్పురుష
యువతీయువకులు – యువతులు, యువకులు – ద్వంద్వం