టెర్మినల్ ట్రాన్స్‌పరెంట్‌గా ఉన్నా నియోవిమ్ నల్లగానే ఎందుకు కనిపిస్తుంది?

టెర్మినల్‌కి ట్రాన్స్‌పరెన్సీ పెట్టారు. వెనకాల వాల్‌పేపర్ చక్కగా కనిపిస్తోంది. తీరా నియోవిమ్ ఓపెన్ చేస్తే స్క్రీన్ మొత్తం తారు పూసినట్టు నల్లగా అయిపోయింది. మీకూ ఇలాగే జరిగిందా?

నాకు జరిగింది, అదీ నేనే రాసిన యాప్‌తో. బీటెక్ మూడో ఏడాదిలో పైథాన్ కర్సెస్ లైబ్రరీతో చిన్న టు-డూ యాప్ రాశాను. రన్ చేస్తే వెనకంతా నలుపే. ఓ రాత్రంతా టెర్మినల్ కాన్ఫిగ్ ఫైల్ మారుస్తూ కూర్చున్నా. తెల్లారాక తెలిసింది, తప్పు నా కోడ్‌లోనే ఉందని. మీకు ఆ రాత్రి మిగల్చడానికే ఈ ఆర్టికల్.

అసలు సంగతి: 40 వేరు, 49 వేరు

టెర్మినల్‌లో నడిచే ప్రోగ్రామ్‌లకి ట్రాన్స్‌పరెన్సీ అంటే ఏంటో తెలీదు. అవి అక్షరాలు, వాటి రంగులు మాత్రమే పంపుతాయి. వెనకాల ఏం కనిపించాలో చూసుకునేది టెర్మినల్ ఎమ్యులేటర్.

రంగుల కోసం ఎస్కేప్ కోడ్‌లు ఉంటాయి. వాటిలో 40 అంటే "బ్యాక్‌గ్రౌండ్ నలుపు వెయ్యి" అని. 49 అంటే "డిఫాల్ట్ బ్యాక్‌గ్రౌండ్ అలాగే ఉంచు" అని. చాలా టెర్మినల్స్ డిఫాల్ట్ బ్యాక్‌గ్రౌండ్‌ని మాత్రమే ట్రాన్స్‌పరెంట్ చేస్తాయి. ప్రోగ్రామ్ కావాలని వేసిన రంగుని ముట్టుకోవు. మామూలు టెర్మినల్‌లో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి తేడా తెలీదు. ట్రాన్స్‌పరెన్సీ ఆన్ చేశాకే బయటపడుతుంది.

ముందు టెర్మినల్ సంగతి చూడండి

కిట్టీలో బ్యాక్‌గ్రౌండ్_ఒపాసిటీ, అలాక్రిటీలో విండో సెక్షన్ కింద ఒపాసిటీ అనే సెట్టింగ్ ఉంటుంది. 0.85 నుంచి 0.9 మధ్యలో పెడితే కోడ్ చదవడానికి ఇబ్బంది ఉండదు. విండోస్ టెర్మినల్‌లో అయితే ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో అపియరెన్స్ దగ్గర ఉంటుంది.

లైనక్స్‌లో ఎక్స్11 మీద ఐ3 లాంటి విండో మేనేజర్ వాడుతుంటే, పికామ్ లాంటి కంపోజిటర్ కూడా రన్ అవుతూ ఉండాలి. వేలాండ్‌లో ఈ గొడవ లేదు. ఒక జాగ్రత్త: పికామ్‌లోనే విండో ఒపాసిటీ తగ్గిస్తే అక్షరాలు కూడా మసకబారతాయి. అందుకే టెర్మినల్ సెట్టింగే వాడండి.

షెల్ ప్రాంప్ట్ దగ్గర వాల్‌పేపర్ కనిపిస్తోందా? అయితే టెర్మినల్ ఓకే. ఇక ప్రోగ్రామ్ వంతు.

నియోవిమ్

కలర్‌స్కీమ్ "నార్మల్" అనే హైలైట్ గ్రూప్‌కి సొంత బ్యాక్‌గ్రౌండ్ రంగు ఇస్తుంది. 0.10 వెర్షన్ నుంచి నియోవిమ్ డిఫాల్ట్ కలర్‌స్కీమ్ కూడా ఇదే పని చేస్తుంది. ఆ గ్రూప్ బ్యాక్‌గ్రౌండ్‌ని "నన్" అని సెట్ చేస్తే చాలు. ఫ్లోటింగ్ విండోలకి "నార్మల్‌ఫ్లోట్", ఎడమ పక్క పట్టీకి "సైన్‌కాలమ్" గ్రూపులకీ అలాగే చెయ్యండి.

ఎక్కువమంది తప్పు చేసేది వరుసలో. ఈ లైన్లు కలర్‌స్కీమ్ లోడ్ చేసే లైన్ తర్వాతే రావాలి. ముందు రాస్తే కలర్‌స్కీమ్ వచ్చి మళ్లీ రంగు పూసేస్తుంది. టోక్యోనైట్, క్యాట్‌పుచిన్ లాంటి థీమ్‌లలో అయితే ట్రాన్స్‌పరెంట్ ఆప్షన్ రెడీగా ఉంది, ట్రూ అని పెడితే సరిపోతుంది.

ఎఫ్‌జెడ్‌ఎఫ్, టీమక్స్

ఎక్కడి నుంచో కాపీ చేసిన ఎఫ్‌జెడ్‌ఎఫ్ కలర్ లైన్‌లో బ్యాక్‌గ్రౌండ్‌కి హెక్స్ కోడ్ ఉంటే, దాని బదులు -1 పెట్టండి. ఇక్కడ -1 అంటే డిఫాల్ట్. టీమక్స్‌లో థీమ్ ప్లగిన్ విండో-స్టైల్‌కి రంగు వేసిందేమో చూసి, బ్యాక్‌గ్రౌండ్‌ని "డిఫాల్ట్" అని మార్చండి.

మీరే యాప్ రాస్తుంటే

నా టు-డూ యాప్‌లో జరిగింది ఇదే. కర్సెస్‌లో "స్టార్ట్_కలర్" ఫంక్షన్ రన్ అయితే తెల్ల అక్షరాలు, నల్ల బ్యాక్‌గ్రౌండ్ అని తనే అనుకుంటుంది. పైథాన్‌లో "రాపర్" వాడితే ఆ ఫంక్షన్ మనం పిలవకపోయినా రన్ అవుతుంది. దాని తర్వాత "యూజ్_డిఫాల్ట్_కలర్స్" అని ఒక్క లైన్ రాయాలి. ఆపైన కలర్ పెయిర్‌లలో బ్యాక్‌గ్రౌండ్‌కి నలుపు బదులు -1 ఇవ్వాలి. ఒక్క లైన్, ఒక్క నంబర్. నా రాత్రంతా పోయింది వీటి కోసమే!

మామూలు టెక్స్ట్ రంగుకి కూడా -1 ఇవ్వండి. మనం తెలుపు అని ఫిక్స్ చేస్తే, లైట్ థీమ్ వాడేవాళ్లకి తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో రాసినట్టే, ఏమీ కనపడదు. వాల్‌పేపర్ కనిపించడం సరదా. అక్షరాలు కనిపించడం అవసరం. డిఫాల్ట్‌ని ముట్టుకోకుండా వదిలేస్తే రెండూ కుదురుతాయి.

ఈసారి ఏ ప్రోగ్రామ్ నల్లగా కనిపించినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది 40 పంపుతోందా, 49 పంపుతోందా? జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే.