పక్షవాతమున గడ్డను కరగించు చికిత్స: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

పక్షవాతమన్న మాట విననివారు మన గ్రామములలో నుండరు. ఒక చేయి, ఒక కాలు పడిపోయి అరుగుమీద కాలము వెళ్లబుచ్చు పెద్దలను మనమందరము చూచియే యున్నాము. నిండు సంసారమును మోయుచున్న నడివయస్సు వారు సైతము ఒక్కొక్కప్పుడు ఇట్లే మంచము పట్టుదురు. “వాతము కొట్టినది, ఇక ఇంతే” యని ఇంటివారు మనస్సును సమాధానపరచుకొందురు.

ఈ “ఇక ఇంతే” యన్న మాట నేడు అందరి విషయములోను నిజము కాదు. వ్యాధి కనిపించిన మొదటి 4½ గంటలలోపల ఇవ్వదగిన మందు ఒకటి కలదు. అది అందరికిని పనికిరాదు. పనికివచ్చిన వారందరును కోలుకొనరు. అయినను అది సకాలమున అందిన కొందరు తిరిగి తమ కాళ్లపై తాము నిలబడుచున్నారు. ఆ విలువైన గంటలు పెక్కుమందికి ఆసుపత్రి గడప త్రొక్కకముందే వ్యర్థమగుచున్నవి. కావున ఈ విషయము వైద్యులతోపాటు పంచాయతీ సభ్యులకును సంబంధించినదే.

వ్యాధి ఎట్లు కలుగును?

మెదడునకు రక్తము చేరు విధమును రైతుకు తెలిసిన మాటలలో చెప్పవచ్చును. పెద్ద కాలువనుండి పిల్లకాలువలు చీలి చేలకు నీరందించునట్లు, మెడలోని పెద్ద రక్తనాళములు చీలికలై మెదడులోని ప్రతి భాగమునకును రక్తమును అందించును. పిల్లకాలువలో చెత్త అడ్డుపడినచో దిగువ చేను ఎండును. గట్టు తెగినచో చేను మునుగును. చేను చెడుట రెండింటను సమానమే గాని, చేయవలసిన పని మాత్రము వేరు.

పక్షవాతమును ఇట్టిదే. ఎక్కువమందికి రక్తపు గడ్డ నాళమునకు అడ్డుపడుటవలన కలుగును. తక్కినవారికి నాళము చిట్లి మెదడులో రక్తము కారుటవలన కలుగును. గడ్డను కరగించు మందు మొదటి విధమునకే. రెండవ విధమున దానిని ఇచ్చినచో రక్తస్రావము హెచ్చి ప్రాణమునకే ముప్పు వాటిల్లును. బయటికి రెండును ఒకే తీరున కనిపించును. రోగిని చూచి గాని, నాడి పట్టి గాని ఎంత అనుభవజ్ఞుడైన వైద్యుడును వీనిని నిశ్చయముగా వేరుచేయలేడు. అందులకు తలకు సి.టి. స్కాను తీయవలసినదే. కావున స్కాను లేనిచోట ఈ మందు ఇచ్చుటకు వీలులేదు.

నీరు నిలిచినంతనే చేనంతయు ఒక్కమారుగా ఎండిపోదు. నడిమి భాగము ముందుగా మాడును. అంచులందలి పైరు వాడియున్నను కొంతసేపు ప్రాణముతో నుండును. మెదడులోను అట్లే. అడ్డు తొలగి రక్తము మరల ప్రవహించినచో ఆ అంచు భాగమును కాపాడవచ్చును. పెద్ద రక్తనాళము మూసికొనిన రోగికి నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కకట్టి చూపినారు. నిమిషముల విలువ దీనివలన తెలియగలదు.

మందును పరీక్షించిన విధము

గడ్డను కరగించు మందులు మొదట గుండెపోటునకు వాడుకలోనికి వచ్చినవి. వానిలో స్ట్రెప్టోకైనేసు అనుదానిని 1990 తరువాతి సంవత్సరములలో ఐరోపాలోను, ఆస్ట్రేలియాలోను పక్షవాత రోగులకు ఇచ్చి చూచినారు. మెదడులో రక్తస్రావములు, మరణములు హెచ్చినందున ఆ పరీక్షలను నడుమనే ఆపివేసినారు. మందు మంచిదని తోచినంత మాత్రమున చాలదనియు, పరీక్షింపక నమ్మరాదనియు ఇందువలన తేలినది.

పిమ్మట అమెరికా ప్రభుత్వపు నాడీవ్యాధుల పరిశోధన సంస్థ ఆల్టెప్లేసు అను మందును పరీక్షించినది. మన శరీరములో సహజముగానే గడ్డలను కరగించు పదార్థమునకు ఇది ప్రతిరూపము. వ్యాధి మొదలైన 3 గంటలలోపల వచ్చిన 624 మందిని రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు మందును, రెండవ వర్గమునకు మందులేని ద్రవమును ఇచ్చినారు. ఎవరికేది ఇచ్చినదియు రోగికి గాని, చూచు వైద్యునకు గాని తెలియనీయలేదు. ఫలితములు 1995 డిసెంబరులో వెలువడినవి. 3 నెలల తరువాత ఇంచుమించు ఏ లోపమును లేక తిరుగుచున్నవారు, ఆ పరీక్ష రెండవ భాగమున, మందు పొందినవారిలో నూటికి 39 మంది, పొందనివారిలో 26 మంది. ఆ మరుసటి సంవత్సరమే అమెరికా ప్రభుత్వము ఈ చికిత్సకు అనుమతి నిచ్చినది.

ఈ పరీక్షలో మరియొక సంగతి గమనింపదగినది. 24 గంటలు గడచిన తరువాత చూచినపుడు రెండు వర్గములకును స్పష్టమైన భేదము కనిపించలేదు. మేలు 3 నెలలకు గాని తేటపడలేదు. “సూది వేసినారు, తెల్లవారినను చేయి కదలలేదు” అని ఇంటివారు నిరాశచెంది రోగిని తీసికొనిపోవుట ఎంతటి పొరపాటో దీనినిబట్టి తెలియుచున్నది.

3 గంటలు దాటి 4½ గంటలలోపల ఇచ్చినను కొంత మేలు కలదని 2008లో ఐరోపాలో 821 మందిపై జరిగిన పరీక్ష తెలిపినది. 2014లో 9 పరీక్షలకు చెందిన 6,756 మంది వివరములను ఒకచోట చేర్చి లెక్కించినారు. 3 గంటలలోపల మందు పొందినవారిలో నూటికి సుమారు 33 మంది, పొందనివారిలో 23 మంది లోపము లేక కోలుకొన్నారు. అనగా నూటికి 10 మందికి అదనపు మేలు. 3 గంటలనుండి 4½ గంటల నడుమ ఈ మేలు నూటికి 5 మందికి తగ్గినది. మందు అదియే, మారినది కాలము మాత్రమే.

లాభముతోపాటు నష్టము

నష్టమును దాచుట మాకు ధర్మము కాదు. 1995 నాటి పరీక్షలో మందు పొందినవారిలో నూటికి 6 మందికి పైగా మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావము కలిగినది. పొందనివారిలో అట్టివారు నూటికి ఒక్కరైనను లేరు. 2014 నాటి లెక్కలో మొదటి వారములోనే ఇట్టి రక్తస్రావమువలన మరణించినవారు, మందు పొందనివారికంటె నూటికి సుమారు ఇద్దరు ఎక్కువ. ఇంతటి నష్టమును కూడ కలుపుకొని లెక్కించిన పిమ్మటనే మేలు హెచ్చని తేలినది. వైద్యుడు ఈ సంగతి చెప్పి ఇంటివారి సమ్మతి అడిగినపుడు అది బెదిరింపు కాదని మనము గ్రహించవలెను. ఊరి పెద్దలందరును వచ్చిన పిమ్మట చెప్పెదమని గంటసేపు జాగుచేసినచో ఆ మేలును మనమే తగ్గించుకొన్నవారమగుదుము.

రక్తపోటు 185/110 కంటె హెచ్చుగానున్నచో దానిని తగ్గించిన పిమ్మటనే మందు ఇత్తురు. రక్తము పలుచబడు మందులు వాడుచున్నవారికి, క్రొత్తగా పెద్ద శస్త్రచికిత్స జరిగినవారికి, తలకు గాయమైనవారికి తరచుగా ఈయరు. కావున రోగి వాడుచున్న మాత్రలన్నింటిని సంచిలో వేసి వెంట తీసికొనిపోవలెను.

ఆల్టెప్లేసును గంటసేపు నరములోనికి ఎక్కింపవలసియుండును. టెనెక్టెప్లేసు అను మందును ఒక్క సూదితో ఇవ్వవచ్చును. ఇది ఆల్టెప్లేసునకు తీసిపోదని 2022లో కెనడాలో సుమారు 1,600 మందిపై జరిగిన పరీక్ష వెల్లడించినది. గడ్డ పెద్దదైనచో తొడ మొదటనుండి సన్నని గొట్టమును పంపి దానిని బయటికి లాగు పద్ధతియు పెద్ద ఆసుపత్రులలో కలదు. 2018లో వెలువడిన పరీక్షల ప్రకారము కొందరికి 24 గంటలవరకును ఇది ఉపకరించును. కావున కాలము మించినదని రోగిని ఇంటనే ఉంచరాదు.

కాలము ఎచ్చట పోవుచున్నది?

ఒక ఊరిలో ఉదయము 6 గంటలకు ఒకని మూతి వంకరపోయి, కుడిచేయి పడిపోయినదనుకొందము. అరగంట చేతికి నూనె మర్దించినారు. పసరు మందు కొరకు ప్రక్క ఊరికి మనిషిని పంపి గంట వేచినారు. పట్టణమునుండి పెద్దకుమారుడు రావలెనని మరియొక గంట నిలిచినారు. బయలుదేరి స్కాను లేని ఆసుపత్రికి పోయి, అచ్చటనుండి వేరొక ఆసుపత్రికి పోవుసరికి 11 గంటలైనది. ఇందులో ఎవరి దురుద్దేశమును లేదు. అందరును ఆ రోగి మేలు కోరినవారే. అయినను 4½ గంటల గడువు 10½కే తీరిపోయినది.

ఈ వ్యాధిలో సాధారణముగా నొప్పి యుండదు. గుండెపోటునకు పరుగెత్తువారు దీనికి పరుగెత్తకుండుటకు ఇదియొక కారణము. కొన్నిచోట్ల పావురము రక్తము పూయుదురు. దానివలన నాళములోని గడ్డ కరగదు; కాలము మాత్రము కరగును.

గుర్తులు, చేయవలసిన పనులు

నవ్వుమన్నపుడు మూతి ఒకవైపునకు పోవుట, రెండు చేతులెత్తుమన్నపుడు ఒకటి జారిపోవుట, మాట తడబడుట లేక పడిపోవుట ముఖ్యమైన గుర్తులు. హఠాత్తుగా చూపు మందగించుట, తూలిపోవుటయు కొందరిలో కనిపించును. వీనిలో ఏ ఒక్కటి కనిపించినను ఆలస్యము కూడదు.

వెంటనే 108కి ఫోను చేయవలెను. రోగి చివరిసారి బాగుగా కనిపించిన సమయమును కాగితముపై వ్రాసికొనవలెను. వైద్యుడు మొదట అడుగునది దానినే. నిద్రలేచుసరికే లోపము కనిపించినచో పడుకొన్న సమయమును వ్రాయవలెను. నోటిలో నీరు గాని, ఆహారము గాని, మాత్ర గాని వేయరాదు. గుటక పడక ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. ఆస్పిరిను మాత్రయు స్కాను కాకముందు ఇవ్వరాదు. లోపము కొద్ది నిమిషములలో దానంతట అదియే సరిపోయినను ఊరకుండరాదు. అది రానున్న పెద్ద వ్యాధికి హెచ్చరిక కావచ్చును.

పంచాయతీ చేయదగిన పని

రాజ్యాంగపు 73వ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా చేర్చబడియున్నవి. ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు.

మొదటిది, రాత్రింబవళ్లు స్కాను తీసి ఈ సూదిమందు ఇచ్చు సమీప ఆసుపత్రి ఏదియో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుని అడిగి తెలిసికొనవలెను. దాని పేరు, దూరము, ఫోను నంబరు పంచాయతీ గోడపై వ్రాయింపవలెను. ప్రభుత్వ ఆరోగ్య పథకము అచ్చట వర్తించునో లేదో ముందే విచారింపవలెను.

రెండవది, అంబులెన్సు రాక ఆలస్యమైనచో ఏ ఇంటి వాహనము బయలుదేరవలెనో ముందే నిర్ణయించుకొనవలెను. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమై మన పల్లెలకును వచ్చినది. ఇంటి గుర్తులు సరిగా చెప్పగలిగిననే అది వేగముగా చేరును.

మూడవది, ఆశా కార్యకర్తల చేత, ఉపాధ్యాయుల చేత గుర్తులను ఇంటింటికి తెలియజేయించవలెను. బడిపిల్లలు నేర్చిన సంగతి తాతకు, అవ్వకు అక్కరకు వచ్చును.

నాలుగవది, వ్యాధి రాకుండ చూచుట. రక్తపోటు, మధుమేహము, పొగాకు ఈ వ్యాధికి ముఖ్య కారణములలోనివి. పెద్దలందరికి రక్తపోటు చూపించి, మాత్రలు మానకుండ వాడునట్లు చేయుట ఏ సూదిమందుకంటెను చౌక.

గడువు దాటినవారిని గూర్చి నిరాశపడరాదు. మంచి పోషణ, క్రమమైన వ్యాయామ చికిత్స, తిరిగి రాకుండ మందులు వారికిని మేలు చేయును.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరినుండి స్కాను గల ఆసుపత్రికి పగలు ఎంత సేపు, రాత్రి ఎంత సేపు పట్టును?

2. గత సంవత్సరము మన ఊరిలో పక్షవాతము వచ్చినవారు ఎన్ని గంటలకు ఆసుపత్రి చేరినారు? ఆ కాలము ఎచ్చట పోయినది?

3. వర్షకాలములో వాహనము నిలిచిపోవు తావు ఏది? దానిని బాగుచేయుటకు ఏమి చేయవలెను?

ఈ మూడు ప్రశ్నలకు సమాధానములు వ్రాసి పెట్టుకొన్న పంచాయతీ, ఆపద వచ్చిననాడు వెదకుకొన నక్కరలేదు. మందు కనుగొనుట శాస్త్రజ్ఞుల వంతు. ఇచ్చుట వైద్యుల వంతు. రోగిని గడువులోపల వారి యెదుటికి చేర్చుట మాత్రము మన వంతు.