చెక్కముక్క, సైకిల్ ట్యూబు, గోనెపట్టా

కడప నుంచి.

చిన్నబ్బీ,

మొన్న నువ్వు ఫోన్ చేసి, అహోబిలంలో జీపు తోలబట్టి నెల కూడా కాలేదు, అప్పుడే నడుము పట్టుకుపోయింది, ఎడమ మోకాలు గుంజుతోంది అన్నావు. నేనేమో “కొత్తలో అట్లే ఉంటాది లేరా” అని పెట్టేసినా. తర్వాత నాకే సిగ్గనిపించింది. నాకు జీపు నేర్పిన పెద్దాయన కూడా ఇదే మాట అన్నాడు. అది నమ్మి రెండేండ్లు ఊరికే బాధపడినా. అలవాటైతే పోయే నొప్పులు కొన్నే. మిగతావాటికి స్పానరు కావాల. అందుకే కూర్చొని రాస్తున్నా.

దిగువ అహోబిలం నుంచి పావన నరసింహుని దగ్గరికి పోయే అడవిదారి నాకు తెలియనిది కాదు. మనవాళ్లు పాములేటి నరసింహస్వామి అనేది ఆయన్నే. దారంతా గుండ్రాళ్లు, చెట్ల వేర్లు, వంకలు. భక్తులు దిగి నడుము పట్టుకొని నవ్వుకుంటా పోతారు. వాళ్లకది ఒక్కరోజు ముచ్చట, నీకు రోజూ కూడు. జీపు పుట్టిందే 1941లో అమెరికా సైన్యం కోసం. మహీంద్రావాళ్లు 1940ల చివర్లో విడిభాగాలు తెప్పించి మన దేశంలో బిగించడం మొదలుపెట్టినారు. యుద్ధానికి చేసిన బండిలో డ్రైవరు నడుము సంగతి ఎవరికి పడుతుంది? 2020లో వచ్చిన వాళ్ల కొత్త థార్ వేరే లోకం. నీ చేతిలో ఉన్నది మాత్రం ముందూ వెనకా కమాను పట్టీల మీద ఎగిరే పాత బండి.

బండి మీద చెయ్యి వేసే ముందు నువ్వు కూర్చునే తీరు చూసుకో. క్లచ్ అడుగుదాకా తొక్కినా మోకాలు రవ్వంత వంగే ఉండాల. వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచుకు తగలాల. సీటు జరగదంటావా, పట్టాలు తుప్పు పట్టి ఉంటాయి. రాత్రి డీజిల్ పోసి నానబెట్టు, పొద్దున కదిలించి గ్రీజు రాయి. జరిపినాక రెండు వైపులా లాకు పడిందో లేదో ఒళ్లు ఊపి చూడు. దిగుడులో బ్రేకు తొక్కినప్పుడు సీటు జారితే కాలు ఎటు పోతుందో నీకే తెలీదు. వెనక జేబులో పర్సు ఉంటే అదీ తీసి పక్కన పెట్టు. నడుము ఒక పక్కకు ఒరిగి ఉంటే ఏ సీటూ బాగుపడదు.

ఇప్పుడు నా తెలివితక్కువ పని చెప్తా విను. ఓబులవారిపల్లె పక్కన మంగంపేట ముగ్గురాయి గనులకు కూలోళ్లను తోలే రోజుల్లో సీటు గట్టిగా ఉందని నాలుగంగుళాల మెత్తటి స్పాంజీ కొని వేసుకున్నా. మొదటిరోజు రాజా మాదిరి ఉండింది. వారానికి నడుము ఇంకా పాడయింది. కారణం చానా ఏండ్లకు తెలిసింది. మనిషి ఒళ్లు సెకనుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు కొట్టే అదురుకు అన్నిటికన్నా ఎక్కువ ఊగుతుంది. మెత్తటి స్పాంజీ కూడా సుమారుగా ఆ లెక్కలోనే ఊగేది కాబట్టి, కింద నుంచి వచ్చే అదురును తగ్గించకపోగా పెంచి పైకి పంపుతుంది. పెద్ద గుంత వస్తే పూర్తిగా అణిగిపోయి అడుగు రేకు తగులుతుంది. పైగా సీటు ఎత్తు పెరిగి తల పైకమ్మీకి దగ్గరయింది, కాళ్లు పెడళ్లకు దూరమయినాయి. అందుకని మందం వద్దు, బిగువు కావాల. సీటు కింద సాగిపోయిన పట్టీలు మార్చు, పైన గట్టి కొబ్బరిపీచు పరుపు రెండంగుళాలు చాలు. నడుము వంపు దగ్గర తుండు మడిచి పెట్టుకో. దానికి డబ్బు పెట్టాల్సిన పనే లేదు.

ఎడమ మోకాలు సంగతి వేరు. పాత జీపుల్లో క్లచ్ పక్కన కాలు ఆనించే మెట్టు ఉండదు. కాలికి చోటు లేక నువ్వు దాన్ని క్లచ్ మీదే ఆనించి తోలుతుంటావు, అవునా కాదా? దాంతో మోకాలూ పోతుంది, రిలీజ్ బేరింగూ అరుగుతుంది. పోయేది ఓనరు డబ్బు, తిట్లు పడేది నువ్వు. దీనికి ఏటవాలుగా కోసిన చెక్కముక్క చాలు. నేల రేకుకు బోల్టులతో బిగించాల, ఊరికే పెట్టొద్దు. వదులుగా ఉన్న చెక్క ఎగిరి పెడల్ కిందికి దూరిందంటే ప్రాణం మీదికొస్తుంది. నీళ్ల బాటిలు కూడా కాళ్ల దగ్గర పెట్టుకోవద్దు.

దుమ్ము గురించి ఎంత చెప్పినా తక్కువే. గాలి ఆడుతుందని వెనక తెర పైకి చుట్టి కట్టినావని ఫోన్లో అన్నావే, నీ దుమ్మంతా అక్కడి నుంచే వస్తోంది. బండి ముందుకు పోతుంటే వెనక ఖాళీ ఏర్పడి, చక్రాలు లేపిన దుమ్ము అందులో సుడి తిరిగి లోపలికి దూరుతుంది. మంగంపేటలో నేనూ అట్లే తెర ఎత్తి తోలి, సాయంత్రానికి తెల్లజుట్టు ముసలాయన మాదిరి ఇల్లు చేరేవాణ్ణి. మీ చిన్నమ్మ గుర్తుపట్టలేదని ఇప్పటికీ నవ్వుతుంది. తెర దించి, ముందు పక్కల తెరలు తెరువు. గాలి ముందు నుంచి వచ్చి బండి నిండితే వెనక నుంచి దుమ్ముకు చోటుండదు. మీ ఓనరు బొలేరో ఇచ్చినప్పుడు కూడా అద్దాలు బిగించి, ఫ్యాను బయటిగాలి మీద పెట్టి నడుపు, అదే లెక్క. తలుపు రబ్బరు పనిచేస్తుందో లేదో చూడాలంటే పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపెయ్యి. లాగితే సులువుగా జారి వచ్చిందంటే అక్కడ రబ్బరు చచ్చిపోయినట్టే. ముందు ఇంకో జీపు పోతుంటే ఒక బీడీ తాగే సేపు ఆగి బయల్దేరు. (బీడీ తాగమని కాదు.)

కాళ్ల దగ్గర వేడి అన్నావు. మే నెలలో కర్నూలు, నంద్యాల పక్క 45 డిగ్రీలు కొడితే లోపల ఏముంటుందో చెప్పక్కర్లేదు గానీ, కొంత వేడి ఎండది కాదు. గేరు రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు బూటు చిరిగిందేమో చూడు, వైర్లు పోయే రంధ్రాల్లో రబ్బర్లు ఊడినాయేమో చూడు. ఇంజను వేడి అక్కడి నుంచే వస్తుంది. అవి మార్చి, నేల మీద గోనెపట్టా రెండు మడతలేసి, పెడళ్లకు తగలకుండా కుట్టించి పరువు. ఒక్క మాట మాత్రం పట్టుకో: పొగ వాసన వచ్చి తల బరువెక్కిందంటే గోనెపట్టా వేసి మూసే పని కాదు. సైలెన్సరు జాయింటు లీకవుతోంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే ఉండదు, నీకు తగిలేది దాని తోడు వచ్చే మిగతా పొగ. ఆ రోజు బండి మెకానిక్ దగ్గరికే పోవాల.

లొడలొడ శబ్దానికి సగం కారణం సీటు కింద పడేసిన జాకీ, స్పానర్లే. గోనెగుడ్డలో చుట్టి కట్టెయ్యి. వెనక తలుపు గొళ్లెం కింద, అద్దం చువ్వ నట్టు కింద సైకిల్ ట్యూబు ముక్క కోసి బిగిస్తే మిగతా సగం పోతుంది. యాడ మోగుతోందో తెలియకపోతే తోడువాణ్ణి తోలమని నువ్వు వెనక కూర్చో. రెండు పనులు ఒకేరోజు చెయ్యొద్దు, దేంతో బాగయిందో తెలీకుండా పోతుంది.

చక్రాల్లో గాలి చూసినావా? ఖాళీ బండిలో కూడా లారీ మాదిరి నింపుకొని రాళ్ల మీద పోతుంటారు కొందరు. కంపెనీ చెప్పిన 30 అనుకుంటే అడవిలో 25 పెట్టి చూడు, సగం అదురు టైరే మింగుతుంది. తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపు. మనుషులు కిక్కిరిసిన రోజు మాత్రం తగ్గించొద్దు, పదునైన రాయికి టైరు పక్క చీలుతుంది. కమాను పట్టీల చివర ఉండే బుష్షులకు గ్రీజు పెట్టి ఎన్నాళ్లయిందో ఓనరును అడుగు. ఆయనకూ తెలిసుండదు.

స్టీరింగు పట్టేటప్పుడు బొటనవేళ్లు లోపలికి మెలేసి పట్టొద్దు, అంచు మీదే పెట్టు. చక్రం రాయికి తగిలి స్టీరింగు గిర్రున తిరిగితే దాని మధ్య కమ్మీ వేలిని కొట్టేస్తుంది.

ఇంకోటి. నువ్వు ఉండేది ఆళ్లగడ్డలో, స్వామి ఉండేది తూర్పున. పొద్దున పోయేటప్పుడు ఎండ ఎదురే, సాయంత్రం వచ్చేటప్పుడూ ఎదురే. అద్దం బయట అందరూ తుడుస్తారు. లోపలి పక్క పేరుకున్న దుమ్ము, జిడ్డే కళ్లకు మంట పెట్టేది. రోజూ పాత వార్తాపత్రిక తడిపి లోపల తుడువు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు ఆళ్లగడ్డ వస్తున్నా. క్లచ్ పెడల్‌కూ పక్క రేకుకూ మధ్య ఎన్ని వేళ్ల చోటుందో, నువ్వు తోలేటప్పుడు వేసుకునే చెప్పులతోనే కొలిచి ఫోన్లో చెప్పు. చెక్క ఇక్కడే కోయించి తెస్తా. బోల్టులు నువ్వు కొనిపెట్టు.

మీ చిన్నాయన