ప్రసంగపీఠము లేని పరిచర్య

పఠన భాగము: నిర్గమకాండము 35:30–35, కొలొస్సయులకు 3:22–24



మాటలాడు వరము లేనివారికి దేవుని పనిలో పాలు లేదని మన సంఘములలో అనేకులు తలంచుచున్నారు. ఈ తలంపు సరియైనదా? అమెరికా దేశములో ఆటల శిక్షకుడుగా జీవించిన యొక విశ్వాసి చరిత్రనుబట్టి ఆలోచింతము.

1. మూసిన ద్వారము

ఆమోస్ అలాంజో స్టాగ్ 1862వ సంవత్సరమున న్యూజెర్సీ రాష్ట్రములో పుట్టెను. తండ్రి చెప్పులు కుట్టి, కూలి చేసి కుటుంబమును పోషించెను. స్టాగ్ బోధకుడు కాగోరి యేల్ విశ్వవిద్యాలయములో చేరి, పేదరికముతో పోరాడుచు చదివెను. బేస్‌బాల్ ఆటలో బంతి విసరుటలో పేరుపొందెను. జీతమునకు ఆడుమని వృత్తి జట్లు పిలిచినను ఒప్పుకొనలేదు. అయితే వేదాంత విద్య నభ్యసించుచుండగా, ప్రసంగించుటలో తనకు నేర్పు లేదని గ్రహించెను. బోధకుడు కావలెనన్న ఆశ విడిచెను గాని ప్రభువును విడువలేదు. యౌవనస్థులను ఆటస్థలమందే క్రీస్తు మార్గమునకు నడిపింపవచ్చునని నిశ్చయించుకొని, 1890లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వై.యం.సి.ఏ. శిక్షణ పాఠశాలకు వెళ్లెను.

2. తెరచిన ద్వారము

యేల్‌లో హెబ్రీ భాష బోధించిన హార్పర్ గారు చికాగో విశ్వవిద్యాలయమునకు మొదటి అధ్యక్షుడై, 1892లో స్టాగ్‌ను అక్కడికి పిలిచెను. అమెరికా ఫుట్‌బాల్ మన పిల్లలు కాలితో తన్ను ఆట కాదు. కోలగానున్న బంతిని చేతబట్టుకొని, ఎదుటివారిని త్రోసికొనుచు ముందుకు సాగు మొరటు ఆట. అట్టి ఆటలో నుండియు ఆయన దూషణ మాటలు పలుకలేదు. మద్యమును పొగాకును ముట్టలేదు. మిక్కిలి కోపము వచ్చినప్పుడు ఆటగానిని ‘గాడిద’ అనుట కద్దు. ఓటమి యెరుగక అనేక సంవత్సరములు సాగిన మిచిగన్ జట్టును 1905లో ఆయన జట్టు 2–0తో గెలిచెను.

3. వృద్ధాప్యమున పరీక్ష

నలుబది యేండ్ల సేవ తరువాత, డెబ్బది యేండ్లు నిండినవని 1932లో విశ్వవిద్యాలయము ఆయనను శిక్షకుని పనినుండి తప్పించెను. ఆయన సణుగుచు కూర్చుండలేదు. 1933లో కాలిఫోర్నియాలోని పసిఫిక్ కళాశాలయను చిన్న విద్యాలయమున మరల మొదలుపెట్టెను. 1943లో, 81వ యేట, తోటి శిక్షకులు ఆయనను ఆ సంవత్సరపు ఉత్తమ శిక్షకునిగా ఎన్నుకొనిరి. 1947 మొదలు 1952 వరకు పెన్సిల్వేనియాలో తన కుమారుడు శిక్షకుడుగానున్న కళాశాలలో అతనికి తోడైయుండెను. పేరుపొందిన తండ్రి కుమారునికి సహాయకుడగుట చిన్నతనమని యెంచలేదు. 1965లో, 102వ యేట, నిద్రించెను.

4. మనకు పాఠము

బెసలేలు ప్రసంగికుడు కాడు, చేతిపనివాడు. అయినను దేవుడు అతనిని తన ఆత్మతో నింపెను. వాక్యము ప్రకటించుట తక్కువ పని యని దీని భావము కాదు. పిలువబడినవారు ప్రకటింపవలెను. అయితే ఆదివారము పీఠమునుండి చెప్పబడిన మాట నిజమా కాదా యని లోకము సోమవారమున మన పొలములో, బడిలో, వంటయింటిలో చూచును. కూలివానికి కొలత తప్పక ధాన్యమిచ్చు రైతు, కోపమందు నాలుకను అదుపులో నుంచుకొను తల్లి, పరిచారకులే.

ఆలోచించుడి:
1. నాకు లేని వరమునుగూర్చి దుఃఖించుచు, ఉన్నదానిని పాతిపెట్టితినా?
2. నా స్థానము మరియొకరికి ఇయ్యబడినప్పుడు నేనేమి చేసితిని?

ప్రార్థన: ప్రభువా, నీవు నాకు చూపిన స్థలము చిన్నదైనను, అందులో నిన్ను సంతోషపెట్టు కృప దయచేయుము. ఆమేన్.