కిన్నెరకు ఎండా వానా

అచ్చంపేట

అల్లుడూ,

నల్లగొండ పోయినప్పటి నుంచి కిన్నెర మూడో మెట్టు దగ్గర శ్రుతి తప్పుతున్నదని, తీగ మార్చమంటావా అని రాశావు. తీగ జోలికి పోకు. ముందు ఆ మెట్టును గోటితో మెల్లగా నెట్టి చూడు. కదిలిందంటే తప్పు మెట్టును పట్టి ఉంచే కింది మైనానిది.

తేనె మైనం కరగడానికి 62 డిగ్రీలు దాటాలి గానీ, మెత్తబడటానికి అంత వేడి అక్కర్లేదు, 35 దాటితే చాలు. మీ దగ్గర ఎండలు 45 దాకా పోతాయి. ఎండలో ఆపిన కారులో అయితే 60 కూడా దాటవచ్చు. మెత్తబడ్డ మైనం మీద తీగ నొక్కితే మెట్టు జరుగుతుంది, స్వరమూ జరుగుతుంది. అందుకే కారు డిక్కీలో, రేకుల గదిలో, స్లాబు కింది అటక మీద కిన్నెర పెట్టకు. వాయించడం అయ్యాక తీగలు కాస్త వదులు చెయ్యి.

వడగాడ్పుకు కిన్నెర వెదురులో తేమ పోయి నిలువునా చీలుతుంది, సొరకాయ బుర్ర నెర్రెలు పడుతుంది. అలాగని కూలర్ ఎదుట పెట్టకు, అది తడిగాలి. పగలు పొడిగాలి, రాత్రి తడిగాలి తగిలితే వెదురు ముడుచుకుంటూ ఉబ్బుతూ తొందరగా పాడవుతుంది. లోపలి గదిలో, గోడకు ఆనకుండా, నూలుబట్ట చుట్టి వేలాడదియ్యి.

వానాకాలం ప్లాస్టిక్ కవరు తొడగకు, లోపల చెమ్మ చేరి బుర్రకు బూజు పడుతుంది. చెప్పుల డబ్బాల్లో వచ్చే తెల్ల గుళికల పొట్లాలు రెండు బట్టలో వెయ్యి. వెదురు నుంచి సన్నని పొడి రాలితే పురుగు పట్టినట్టే, ఆలస్యం చెయ్యకు. వాయించాక తీగల చెమట పొడిబట్టతో తుడువు, లేకుంటే తుప్పు పడుతుంది.

మైనం మళ్లీ వేసేటప్పుడు కొవ్వొత్తి మైనం కలపకు, పెళుసుగా ఉండి ఊడుతుంది. మన్ననూరు వైపు చెంచులు తెచ్చే తేనె మైనం పంపిస్తాను.

అవుసలికుంట కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక పన్నెండు మెట్ల కిన్నెర పేరు దేశమంతా తెలిసింది. కానీ పాడైతే బాగుచేసే దుకాణం గల్లీకొకటి లేదు. నీ కిన్నెరకు రిపేరు నువ్వే నేర్చుకోవాలి. వచ్చే అమావాస్యకు రా, మైనం వెయ్యడం చూపిస్తాను.

మీ మామ