ప్రశ్నలు - జవాబులు: బుడగ ఎక్కడి నుంచి వస్తోంది?

ప్రశ్న: ఫ్లోరిడాలో ఉంటాను. పాత సామాన్ల అమ్మకంలో ఒక అల్యూమినియం స్కూబా ట్యాంక్ చవగ్గా దొరికింది. పైభాగంలో 3ఏఎల్3000 అనీ, 1986 అనీ ముద్రలున్నాయి. హైడ్రో టెస్టు పాసైందని అమ్మినాయన చెప్పాడు. నింపి పెడితే కొద్దిరోజుల్లోనే గాలి తగ్గిపోతోంది. సబ్బునీళ్లు రాస్తే మెడ దగ్గర సన్నగా బుడగలు వస్తున్నాయి. టెఫ్లాన్ టేప్ చుట్టి బిగించాలా, ఎం-సీల్ పెట్టాలా, వెల్డింగ్ చేయించాలా?

జవాబు: మూడూ వద్దు. వాల్వ్ కొద్దికొద్దిగా తిప్పి, గాలి మొత్తం నెమ్మదిగా వదిలేయండి. ఎవరైనా నిపుణుడు చూసేదాకా మళ్లీ నింపకండి. పాత ట్యాంక్ విషయంలో లీకు ఎంత అన్నదాని కన్నా ఎక్కడ అన్నదే ముఖ్యం. రెగ్యులేటర్ తగిలించి ఉన్నప్పుడు ఆ మూతి దగ్గర బుడగ వస్తే అక్కడి ఓ-రింగ్ (రబ్బరు వలయం) అరిగినట్టు. తిప్పే పిడి కింద వస్తే వాల్వ్ లోపలి సీలు పోయినట్టు. పక్కనున్న చిన్న నట్టులోంచి వస్తే, ఒత్తిడి మితిమీరినప్పుడు పగిలి గాలిని వదిలే బర్స్ట్ డిస్క్‌ను మార్చాలి. ఇవన్నీ విప్పి కొత్తవి వేసుకునే భాగాలే కాబట్టి భయపడక్కర్లేదు. సిలిండర్ లోహంలోంచే బుడగ పుడుతుంటే మాత్రం మరమ్మతు అన్న మాటే లేదు. మీ చిక్కల్లా ఈ రెండింటికీ మధ్యనున్న మెడది.

వాల్వ్ కూర్చునే మరలు తిన్నని మరలు. నీళ్ల పైపుల మరల్లాగా బిగించేకొద్దీ ఇరుక్కుని గాలిని ఆపవు. గాలిని ఆపేది వాల్వ్ అంచు కింద ఉండే ఓ-రింగ్ ఒక్కటే. అందుకే టేప్ చుట్టినా ఫలితం ఉండదు. ఓ-రింగ్ గట్టిపడినా, అది కూర్చునే గాడిలో ఉప్పునీటి వల్ల తెల్లటి పొడి పేరుకున్నా మీరు చెప్పిన బుడగలే వస్తాయి. ఇత్తడి వాల్వ్, అల్యూమినియం మెడ, మధ్యలో ఉప్పునీరు కలిస్తే అల్యూమినియం తినేసుకుపోవడం మామూలే. ఇది నయమయ్యే జబ్బు: వాల్వ్ విప్పి, గాడి శుభ్రం చేసి, కొత్త ఓ-రింగ్ వేస్తే ఆగిపోవచ్చు. అయితే మరల్లో పుట్టిన పగులు పైకి పాకి ఓ-రింగ్ గాడిని దాటినప్పుడు కూడా గాలి సరిగ్గా అక్కడి నుంచే వస్తుంది. బయటినుంచి చూసి ఈ రెండింటిలో ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

1986 అన్న ముద్ర చూశాక పగులునే ముందు అనుమానించాలి. అమెరికాలో లక్స్‌ఫర్ కంపెనీ 1988 వరకూ స్కూబా ట్యాంకులను 6351 అనే మిశ్రమలోహంతో చేసేది, ఆ తర్వాత 6061కి మారింది. వాల్టర్ కిడ్డే కంపెనీ కూడా 6351నే వాడింది. కాటలినా ట్యాంకులు మొదటినుంచీ 6061వే. కాబట్టి ముందు తయారీదారు ముద్ర చూడండి. 6351లో కనిపించిన దోషం ఏమిటంటే, లోపలి ఒత్తిడి ఏళ్ల తరబడి లాగుతూ ఉండగా మెడలోనూ, ఆ చుట్టుపక్కలా సన్నని పగుళ్లు పుట్టి మెల్లగా పెరుగుతాయి. ఎవరూ కింద పడేయనక్కర్లేదు, ఎక్కడా తుప్పు పట్టనక్కర్లేదు. నిండుగా నింపి మూల పెట్టినా చాలు. ఇలాంటి పగులున్న ట్యాంక్ చాలాసార్లు ముందు కారి హెచ్చరిస్తుంది, కానీ ప్రతిసారీ హెచ్చరించదు. నింపుతుండగానే పేలి మనుషులు గాయపడ్డ సంఘటనలున్నాయి. లోపలుండేది 3000 పీఎస్‌ఐ, అంటే కారు టైరులో ఉండే దానికి 90 రెట్ల పైమాటే.

హైడ్రో పాసైంది కదా అంటారు. ఆ పరీక్షలో ట్యాంక్‌ను నీటితో నింపి 5000 పీఎస్‌ఐ దాకా ఒత్తిడి పెట్టి, ఒళ్లు ఎంత సాగింది, ఒత్తిడి తీశాక అందులో ఎంత తిరిగి రాలేదు అని కొలుస్తారు. సాగినదాంట్లో శాశ్వతంగా మిగిలిపోయింది 10 శాతం మించితే ఫెయిల్. గోడ బలం చెప్పడానికి ఇది మంచి పరీక్షే. కానీ దళసరి మెడలో మరల మధ్య దాక్కున్న వెంట్రుకంత పగులు ఈ లెక్కలో కనపడకపోవచ్చు. అందుకే 2007 జనవరి 1 నుంచి అమెరికా రవాణా శాఖ 6351 స్కూబా ట్యాంకులకు ఐదేళ్ల పరీక్షతో పాటు, మెడ మరల్లోని పగుళ్లను పట్టే ఎడ్డీ కరెంట్ పరీక్షను తప్పనిసరి చేసింది. అది పాసైతే తేదీ పక్కన వీఈ అని ముద్ర వేస్తారు. మీది 6351 ట్యాంక్ అయి, దాని మీద ఆ రెండక్షరాలు లేకపోతే అమ్మినాయన మాటకు విలువ లేదు. ఉన్నా, పరీక్ష తర్వాత మొదలైన లీకుకు ఆ ముద్ర పూచీ కాదు.

ఇక వెల్డింగ్. ఈ లోహానికి బలం వచ్చిందే ఫ్యాక్టరీలో చేసిన వేడిపదును వల్ల. 350 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన వేడి తగిలిందంటేనే మీలాంటి 3ఏఎల్ ముద్ర ఉన్న అల్యూమినియం సిలిండర్‌ను పనికిరానిదని తీసేస్తారు. వెల్డింగ్ వేడి దానికి ఎన్నో రెట్లు. ఎం-సీల్ పైనుంచి బుడగను ఆపినా, లోపల పగులు పెరుగుతూనే ఉంటుంది, పైగా కళ్లకు కనిపించే ఆ ఒక్క హెచ్చరికా పోతుంది.

ప్రశ్న: నా 1985 ట్యాంక్‌కు లీకేమీ లేదు, వీఈ ముద్ర కూడా ఉంది. అయినా డైవ్ షాపువాళ్లు నింపం అంటున్నారు. చట్టం ఒప్పుకున్నాక వీళ్ల అభ్యంతరమేమిటి? వైజాగ్‌లో మా బావమరిది డైవింగ్ నేర్చుకుంటున్నాడు, అతనికైనా పంపొచ్చా?

జవాబు: చట్టం మీ ట్యాంక్‌ను వాడుకోనిచ్చింది నిజమే, కానీ నింపి తీరాలని షాపును బలవంతపెట్టలేదు. పేలేది ఎక్కువగా నింపేటప్పుడే కాబట్టి ఆ సమయంలో పక్కన నిలబడే మనిషి భయాన్ని మనం తప్పుపట్టలేం. ఎడ్డీ కరెంట్ యంత్రం మరల మీది గీతను కూడా పగులని చూపిస్తుందన్న ఫిర్యాదు ఉంది, అబద్ధం కాదు. అందుకే యంత్రం సందేహం చూపినచోట లైటు, అద్దం పెట్టి కంటితోనూ చూస్తారు. ఆ పద్ధతి ప్రకారం పాసైన ట్యాంక్‌ను వాడటం తప్పనను. ఏడాదికోసారి లోపల చూపించండి, నెలల తరబడి నిండుగా నింపి ఉంచకండి.

వైజాగ్ సంగతి వేరు. ఇండియాలో గాలి సిలిండర్లు 2016 నాటి గ్యాస్ సిలిండర్స్ రూల్స్ కిందికి వస్తాయి, దిగుమతికి నాగపూర్‌లోని పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) అనుమతి కావాలి. అదొక్కటే అడ్డు కాదు. అమెరికాలో షాపువాళ్లు పక్కన నిలబడటానికి వెనకాడే ట్యాంక్‌ను మీ బావమరిది పక్కన నిలబెట్టడం న్యాయం కాదు. పంపకండి. అతన్ని అక్కడి పెసో ఆమోదమున్న సిలిండరే వాడమనండి.